నా మెడ బాధలో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

తిరుపతి కొర్లగుంటలో జాకెట్లు కుడతాను. మొన్న మే నెలలో, గంగమ్మ జాతర చాటింపు వేసిన వారంలో, సూదిలో దారం ఎక్కించలేకపోయాను. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. గుడ్డ వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో చూస్తే తప్ప తెలిసేది కాదు. మెడలో మొదలైన పోటు భుజం మీదుగా వేళ్ల దాకా కరెంటు తగిలినట్టు పాకేది. చేతిలో ముప్పై పెళ్లి జాకెట్లు ఉన్నాయి.

మొదటి నమస్కారం పక్కింటి అక్కకు. మెడ పట్టేసిందనుకుని మెటికలు విరిపించుకోవడానికి బయలుదేరాను. "చేయి తిమ్మిరెక్కుతుంటే మెడ తిప్పించుకుంటావా?" అని నన్ను ఆటో ఎక్కనివ్వలేదు. మరుసటి రోజు తన పని మానుకుని ఎముకల వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రికి నాతో వచ్చింది.

అక్కడి డాక్టరు గారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆయన ఎదుట కూర్చోగానే అలవాటుగా ఎడమ చేయి నెత్తిన పెట్టుకున్నాను. అలా పెడితే నొప్పి తగ్గేది. ఇంట్లో అత్తయ్య అరిష్టమని రోజూ దించేవారు. ఆయన మాత్రం "నీ చెయ్యే సగం చెప్పేసిందమ్మా" అన్నారు. చేయి ఎత్తితే నరం మీద లాగుడు తగ్గుతుందట. ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఎక్స్‌రేలో కనబడదని ఎమ్మారై తీయించారు. మెడలోని ఏడు ఎముకల్లో అయిదు, ఆరు మధ్య ఉన్న డిస్కుది ఈ బాధంతా.

డిస్కు జరిగిందంటే చక్రంలా పక్కకు తప్పుకుందనుకున్నాను. ఆయన బొమ్మ గీసి చూపించారు. బూరెను నొక్కితే పై తోపు చిట్లి పూర్ణం బయటికొచ్చినట్టు, డిస్కు పై పొర చీలి లోపలి మెత్తటి పదార్థం నరాన్ని ఒత్తుతోంది. ఆ నరం బొటనవేలి వైపు వెళ్లేది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుందని, బయటికొచ్చిన ఆ పదార్థాన్ని చాలాసార్లు శరీరమే మెల్లగా పీల్చుకుంటుందని చెప్పారు. ఆ రాత్రి చాలా రోజుల తరువాత నిద్రపోయాను. చేతి బలం తగ్గుతున్నా, నడక తూలినా, గుండీలు పెట్టుకోలేకపోయినా, మూత్రం అదుపు తప్పినా ఆ రోజే రమ్మని చీటీ వెనుక పెద్ద అక్షరాలతో రాశారు. అది ఇంకా మా అద్దానికి అంటించే ఉంది.

ఫిజియోథెరపీ అమ్మాయి ఓర్పు మరచిపోలేను. మెడపట్టీ రోజంతా పెట్టుకుంటానంటే, ఎక్కువ రోజులు వాడితే కండరాలు బలహీనపడతాయని వద్దంది. తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి లాగి, అయిదు లెక్కపెట్టి వదలడం నేర్పింది. నేను మిషను ముందు ఎలా కూర్చుంటానో చేసి చూపించమంది. ఆమె మాట విని మా ఆయన మిషను కాళ్ల కింద చెక్కలు పెట్టారు. చేతిపని ఇప్పుడు ఒళ్లో దిండు మీద పెట్టుకుని చేస్తున్నాను.

నా జాకెట్లలో పద్దెనిమిది ఎదురువీధి దర్జీ చెల్లెలు కుట్టి, నేను కత్తిరించినవాటి కూలి నా చేతిలో పెట్టింది. ఒక పెళ్లికూతురి తల్లి, "అమ్మాయి ఇంకోటి వేసుకుంటుందిలే, నాది శ్రావణానికి ఇద్దువు" అన్నారు.

పది వారాలైంది. బొటనవేలి కొసన కొంచెం తిమ్మిరి మిగిలింది. సోమవారం ఆ తల్లి జాకెట్టు పూర్తిచేశాను. హుక్కులు, కాజాలు నా చేత్తోనే కుట్టాను.