నాన్న దాచిన పన్ను రసీదులు

ఒరేయ్ శీనూ,

నిన్న అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే నాన్న దాచిన ఇంటిపన్ను రసీదుల కట్ట బయటపడింది. ఏడాది వారీగా పేర్చి, పురికొసతో కట్టాడు. ప్రతిదాని మీదా ‘భీమునిపట్నం పురపాలక సంఘం’ అనే ఉంది. ఈ ఏడాది నేను కట్టిన రసీదు మీద మహా విశాఖ నగరపాలక సంస్థ. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. ఫోన్లో చెబితే తెమిలేది కాదని రాస్తున్నాను.

మన మున్సిపాలిటీ పుట్టింది 1861లోరా! విశాఖపట్నానికి 1858లో వస్తే, మూడేళ్లకే మనకీ వచ్చింది. దేశంలో బాగా పాతవాటిలో మనదొకటి. అప్పటికి పట్టణాల కోసం ఉన్నది 1850 నాటి చట్టం. ఊరివాళ్లు మాకు కావాలని అడిగితేనే అది ఆ ఊరికి వర్తించేది. వీధులూ దీపాలూ శుభ్రతా కావాలంటే తమ మీద తామే పన్ను వేసుకోవాలి. ఆ సంగతి తెలిశాక ఈ రసీదు నాకు వట్టి కాగితంలా కనబడటం లేదు.

అలాగని అప్పుడంతా మనవాళ్లే ఏలుకున్నారనుకోకు. మొదట్లో సభ్యుల్ని ప్రభుత్వమే వేసేది. 1882లో అప్పటి వైస్రాయి రిప్పన్ తీర్మానం వచ్చాకే, స్థానిక సంఘాల్లో మూడింట రెండు వంతుల మందైనా అధికారులు కానివాళ్లు ఉండాలన్న మాట గట్టిపడింది. ఎన్నికలు పెట్టాక కూడా చాలాకాలం ఓటు పన్ను కట్టేవాళ్లకే. చేపల వేటకెళ్లే మీ తాతకి ఓటు ఉండి ఉంటుందంటావా?

మన చిన్నప్పుడు మాత్రం వేరు. కుళాయి రాకపోతే అమ్మ ఖాళీ బిందె చంకనెట్టుకుని నేరుగా కౌన్సిలర్ గుమ్మంలోకి వెళ్లిపోయేది, గుర్తుందా? ఆయన లుంగీ మీదే బయటికొచ్చి, ‘సాయంత్రానికి వస్తాదమ్మా’ అనేవాడు. వచ్చేది కూడా.

2013లో మనల్నీ అనకాపల్లినీ విశాఖలో కలిపేశారు. ఎక్కడా కొత్త రాయి పాతలేదు, ఒక్క ఉత్తర్వుతో హద్దు జరిగిపోయింది. చిన్న మున్సిపాలిటీకి రాబడి చాలదు, పెద్దదానికైతే నిధులొస్తాయి అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నాకు కడుపు మండేది వేరే దగ్గర. విశాఖ పాలకవర్గం గడువు 2012లోనే అయిపోయింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే మనం కలిసేనాటికే అక్కడ మనం ఎన్నుకున్నవాళ్లు లేరు. 74వ రాజ్యాంగ సవరణ ఏం చెబుతోంది? అయిదేళ్ల గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి చెయ్యాలని. అన్నేళ్లపాటు అమ్మ బిందె పట్టుకుని ఎవరి గుమ్మానికి వెళ్లాలిరా?

2021 ఎన్నికల్లో 98 వార్డులు, మనకీ కార్పొరేటర్లొచ్చారు. కానీ బడ్జెట్ కూర్చేది, దాని మీద ఓటేసేది పాతిక కిలోమీటర్ల అవతల. మన గంటస్తంభం వీధిలో దీపం వెలగాలా వద్దా అన్నది మన ఊళ్లోనే తేలాలని నా పంతం. పెద్ద నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని అదే సవరణలో ఉంది. మన వీధివాళ్లతో కలిసి దానికోసం అర్జీ రాస్తున్నాను.

మీ ఇంట్లోనూ పాత రసీదులు ఉండే ఉంటాయి, పారేయనివ్వకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా, అర్జీకి జతచేద్దాం.

నీ
రాజు