టీచర్ల సమయం ఎక్కడికి పోతోంది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు కార్యదర్శి నివేదిక పెట్టాలని మన నియమావళి చెబుతోంది, అందుకే రాస్తున్నాను. అయితే అదొక్కటే కారణం కాదు. ఈ ఏడాది కొంతమంది సొంత పనులు పక్కన పెట్టి మరీ కష్టపడ్డారు, వాళ్లు చేసింది మినిట్స్ పుస్తకంలో రెండు లైన్లతో ముగిసిపోకూడదు. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

కిందటి అక్టోబర్ 5న, ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం నాడు, మనం అభినందన సభ పెట్టాం కదా. సభ బాగా జరిగింది, వక్తలు బాగా మాట్లాడారు. నేను వెనక వరుస దగ్గర నిలబడి ఉన్నాను. అక్కడ ఒక టీచరుగారు ఒళ్లో నోటు పుస్తకాల కట్ట పెట్టుకుని, వేదిక మీద ఉపాధ్యాయ వృత్తి గొప్పదనం గురించి ప్రసంగం సాగుతుంటే, తల వంచుకుని ఎర్ర పెన్నుతో దిద్దుకుంటున్నారు. పేజీ తిప్పిన చప్పుడు పక్కవాళ్లకు వినపడకుండా నెమ్మదిగా తిప్పుతున్నారు. సభ అయ్యాక దగ్గరికి వెళ్లి, "ఈ ఒక్క పూటైనా వదిలేయొచ్చు కదమ్మా" అన్నాను. "వదిలేస్తే రేపటికి రెండు కట్టలవుతాయండి" అన్నారు.

ఆ మాట కార్యవర్గం ముందు పెట్టాను. ఈ ఏడాది మనం చేసిన పనంతా అందులోంచే వచ్చింది. టీచర్లను మెచ్చుకోవడం మానక్కర్లేదు, కానీ వాళ్ల చేతిలోంచి ఒక్క కట్టయినా తగ్గించకుండా మెచ్చుకుంటే అది సగం సాయమే. కార్యవర్గం తీర్మానం ఇది, నా సొంత నమ్మకం కూడా ఇదే.

ముందు ఒక వారం లెక్క రాద్దామనుకున్నాం. ఒకే ఒక్క కాగితం, అడ్డంగా రోజులు, నిలువుగా అరగంట గళ్లు. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా బడి పనిమీద గడిచిన ప్రతి అరగంటకూ ఒక అక్షరం వేయాలి. పాఠం చెబితే 'పా', రేపటి పాఠం తయారు చేసుకుంటే 'త', దిద్దితే 'ది', రిజిస్టర్లూ రిపోర్టులూ రాస్తే 'రా', ఫోన్లో మెసేజీలకు జవాబిస్తే 'మె'. మొదట్లో చాలామంది "ఇదొక పని ఎక్కువైంది" అన్నారు, ఆ కోపంలో తప్పేం లేదు. అయినా రాసినవాళ్లు రాశారు. ఆ కాగితాలన్నీ బల్లమీద పరిచి చూసినప్పుడు మాకు తెలిసింది ఏమిటంటే, పాఠం చెప్పడం ఎవరికీ భారం కాదు. 'పా' గళ్ల గురించి ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు. అలసటంతా ముక్కలు ముక్కలుగా పోయే సమయంలో ఉంది. లీజర్ పీరియడ్ ఉందని నాలుగు పుస్తకాలు ముందేసుకుంటే, రాని టీచరు క్లాసుకు సర్దుబాటు అని పిలుపొస్తుంది. అవే పేర్లు, అవే పుట్టిన తేదీలు ఒకసారి రిజిస్టర్లో, ఒకసారి షీటులో, ఇంకోసారి ఇంకో ఫార్మాట్లో నింపమంటారు. రాత్రి పదింటికి గ్రూపులో మెసేజ్ వస్తే, జవాబు ఇచ్చినా ఇవ్వకపోయినా బుర్ర మాత్రం మళ్లీ బడికి వెళ్లిపోతుంది.

లెక్కల టీచరు ఒకాయన తన కాగితం అందరికీ చూపించడానికి ఒప్పుకున్నారు, ఆయనకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఐదు సెక్షన్లు, సెక్షన్‌కు నలభై మంది, పుస్తకానికి మూడు నిమిషాలు. వారానికి ఒక్కసారి దిద్దినా పది గంటలు. ఆ పది గంటలు టైమ్‌టేబుల్లో ఎక్కడా లేవు. "ఇన్నేళ్లుగా నేను నెమ్మదిగా పని చేస్తానేమో అనుకున్నాను, లెక్క వేసుకోలేదు" అన్నారాయన. లెక్కలు చెప్పే మనిషి కూడా తన గంటల లెక్క వేసుకోలేదంటే, దిద్దడమనేది పనికింద కాకుండా అలవాటు కింద ఎంతగా కలిసిపోయిందో చూడండి.

ఇక ఈ ఏడాది నేను గర్వంగా చెప్పుకునేది దిద్దుబాటు శనివారం గురించే.

ప్రసంగాలు లేవు, వేదిక లేదు. పొడుగు బల్లలు వేశాం, ఎవరి పుస్తకాల కట్ట వాళ్లు తెచ్చుకోమన్నాం. లోపలికి రాగానే ఎర్ర పెన్నులు గుమ్మం దగ్గర డబ్బాలో వేసేయమన్నాం. కొందరికి అది నచ్చలేదు, ఒక సీనియర్ మాస్టారైతే పెన్ను జేబులోంచి తీయడానికి చాలాసేపు ఆలోచించారు. తర్వాత ఒక్కొక్కరికి ఒక తెల్ల కాగితం ఇచ్చి మూడు గళ్లు గీయమన్నాం. ఎక్కువమంది చేసిన తప్పులు ఒక గడిలో, క్లాసులో చదివి వినిపించదగ్గ పనులు ఇంకో గడిలో, విడిగా పిలిచి మాట్లాడాల్సిన పిల్లల పేర్లు మూడో గడిలో. పుస్తకంలో ఏమీ రాయకుండా చదువుతూ పోవడమే, రాసేది ఈ కాగితం మీదే. తర్వాతి క్లాసులో మొదటి పది నిమిషాలు ఆ కాగితం పట్టుకుని మాట్లాడాలి, ఆ తర్వాత పిల్లలే తమ పుస్తకాల్లో తప్పులు వెతికి సరిచేసుకోవాలి.

"దిద్దకుండా వదిలేస్తే తల్లిదండ్రులు ఏమంటారు" అన్న ప్రశ్న వచ్చింది, రావాలి కూడా. దీనికి మన దగ్గర ఒక మంచి ఆధారం ఉంది. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలను మూడు రకాలుగా చూశారు. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. మార్కులూ వ్యాఖ్యలూ కలిపి ఇచ్చినవాళ్లలో ఆ లాభం కనపడలేదు. మార్కు కనపడగానే పిల్లవాడు పక్కవాడి పుస్తకంలోకి చూస్తాడు, కింద మనం రాసిన రెండు లైన్లు చదవడు. ఈ సంగతి క్లాసులో ఉన్న ఎవరికైనా తెలుసు, కానీ ఆ రెండు లైన్ల కోసమే మన సాయంత్రాలు పోతున్నాయి.

లెక్కల మాస్టారు ఒక సెక్షన్ కట్ట, అంటే రెండు గంటల పని, నలభై నిమిషాల్లో ముగించి గడియారం వైపు చూశారు. నమ్మలేక మళ్లీ మొదటి పది పుస్తకాలు తీసి, ఏమైనా వదిలేశానా అని తిరగేశారు. ఏమీ వదల్లేదు. భిన్నాల కూడికలో హారాలు కూడా కలిపేసిన పిల్లల సంఖ్య ఆయన కాగితం మీద గీతలు గీతలుగా ఉంది. ఒక్కొక్క పుస్తకంలో విడిగా దిద్దినంత కాలం ఆ తప్పు అంతమంది చేస్తున్నారని తనకు తెలియలేదని ఆయనే చెప్పారు. నాకు ఆ రోజుకు అది చాలు. పరీక్ష పేపర్లకు ఈ పద్ధతి పనికిరాదు, ఒకటి రెండు తరగతుల చిన్నపిల్లల చేతిరాతకూ పనికిరాదు, ఆ సంగతి అక్కడే స్పష్టంగా చెప్పుకున్నాం.

మిగతా కార్యక్రమాలు త్వరగా చెప్తాను. సబ్జెక్టుల వారీగా టీచర్లు కలిసి యూనిట్ టెస్ట్ ప్రశ్నలు పంచుకోవడం మొదలైంది, సైన్స్ వాళ్లది బాగా నడుస్తోంది, భాషల వాళ్లది నడవడం లేదు. తల్లిదండ్రుల గ్రూపుల్లో రాత్రి ఎనిమిది తర్వాత మెసేజీలు పెట్టొద్దని ఒక ఒప్పందం రాసుకున్నాం, చాలావరకు పాటిస్తున్నారు. కొత్తగా చేరిన టీచర్లకు తోడుగా ఒక్కో సీనియర్‌ను పెట్టాం. తనిఖీకి కాదు, వారానికి ఒకసారి కూర్చుని "ఈ వారం ఏం మానేయొచ్చు" అని మాట్లాడుకోవడానికి. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగకపోతే కొత్తవాళ్లు ఏదీ మానేయరు, అన్నీ చేస్తారు, చేసి చేసి ఒక రోజు ఉద్యోగమే మానేస్తారు.

ఒక సమావేశంలో ఓ సభ్యుడు లేచి, "అందరూ కష్టపడుతున్నారు, టీచర్ల పని ఒత్తిడి గురించి ఇంత ప్రత్యేకంగా మాట్లాడాలా" అని అడిగారు. ఆ రోజు టైమ్ చాలక సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్తాను. 2024లో వచ్చిన యునెస్కో నివేదిక ప్రకారం 2030 నాటికి ప్రపంచానికి ఇంకా 4.4 కోట్ల మంది ప్రాథమిక, మాధ్యమిక టీచర్లు కావాలి. ప్రాథమిక టీచర్లలో ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్ల శాతం 2015లో 4.62 ఉంటే 2022కి 9.06 అయింది, దాదాపు రెండింతలు. ఇక పనివల్ల మనిషి కుంగిపోయే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో వివరిస్తూ, దాన్ని రోగంగా కాకుండా పనిచేసే చోటుకు సంబంధించిన సమస్యగా పేర్కొంది. ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, నేనేం చేసినా ఉపయోగం లేదనిపించడం, ఈ మూడూ దాని లక్షణాలు. సమస్య పనిచేసే చోట ఉన్నప్పుడు, టీచరును "కాస్త ధైర్యంగా ఉండండి" అంటే సరిపోదు. చోటు మారాలి.

ఇందులో కొత్త డిమాండ్ కూడా ఏమీ లేదు. అక్టోబర్ 5 అన్న తేదీ ఎక్కడిదో చాలామందికి తెలియదు. 1966లో ఆ రోజునే ఉపాధ్యాయుల హోదా గురించి యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థల సిఫారసు పత్రం ఆమోదం పొందింది, 1994 నుంచి దాని గుర్తుగానే ఈ దినోత్సవం జరుగుతోంది. టీచరు పనిగంటలు నిర్ణయించేటప్పుడు పిల్లల సంఖ్య, పాఠం తయారీకి పట్టే సమయం, దిద్దడానికి పట్టే సమయం, రోజుకు ఎన్ని రకాల పాఠాలు చెప్పాలి అన్నవన్నీ లెక్కలోకి తీసుకోవాలని అందులో రాసి ఉంది. బోధనకు సంబంధం లేని పనులకు వేరే సిబ్బంది ఉండాలనీ ఉంది. ఆ భాగాలను మన సభ్యురాలు ఒకరు తెలుగులో రాసిపెట్టారు, కాపీ కావాల్సినవాళ్లు నన్ను అడగండి.

ఇప్పుడు బాధ కలిగించిన విషయాలు. ఒకే సమాచారం మూడు ఫార్మాట్లలో అడగొద్దని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మొదటిసారి తీసుకున్నట్టు సంతకం పెట్టారు. రెండోసారి అధికారి లేరన్నారు. మూడోసారి మా టీచర్లు ఇద్దరు సెలవు పెట్టుకుని వెళ్తే, వినతిపత్రం వివరాలు ఇంకో ఫార్మాట్లో నింపి ఇమ్మన్నారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తోంది. జవాబు ఇంతవరకు రాలేదు.

వాలంటీర్ల సంగతీ చెప్పాలి. సమావేశంలో చేతులెత్తినవాళ్లు చాలామంది, దిద్దుబాటు శనివారం పొద్దున్నే బల్లలు మోయడానికి వచ్చినవాళ్లు నలుగురు. పేర్లు రాయను, ఎవరి ఇబ్బందులు వాళ్లకుంటాయి. కానీ రాలేనప్పుడు ముందురోజు ఒక్క ఫోన్ చేస్తే ఇంకొకరిని చూసుకుంటాం. మనం టీచర్ల సమయం గురించి పనిచేస్తున్న సంఘం, ఆ నలుగురి సమయానికీ విలువ ఉంది కదా.

జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు విడిగా ఇస్తారు. ఆడిట్ అయింది, అప్పులు లేవు, కాగితాలకూ ఫోటోకాపీలకూ అనుకున్నదానికంటే ఎక్కువైంది. చందా బాకీ ఉన్నవాళ్లు సమావేశం రోజున కట్టేస్తే మంచిది.

కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్లు చాలామంది. హాలు ఇచ్చి తాళాలు కూడా మా చేతికే అప్పగించిన యాజమాన్యానికి, వారం రోజులు గళ్లు నింపిన టీచర్లందరికీ, తోడుగా ఉంటామని ఒప్పుకున్న సీనియర్లకు, రాత్రి ఎనిమిది నియమాన్ని తమ గ్రూపుల్లో నిలబెట్టిన తల్లిదండ్రులకు, ఆ నలుగురు వాలంటీర్లకు. చివరికి జేబులోంచి పెన్ను తీసి డబ్బాలో వేసిన ఆ సీనియర్ మాస్టారికి కూడా. ఆయన ఇప్పుడు ఇద్దరు కొత్త టీచర్లకు ఆ మూడు గళ్ల పద్ధతి నేర్పిస్తున్నారు.

వెనక వరుసలో కూర్చున్న టీచరుగారు ఈ ఏడాది దిద్దుబాటు శనివారానికి వచ్చారు, ముందు బల్ల దగ్గరే కూర్చున్నారు.

వచ్చే ఏడాదికి మూడు పనులు అనుకుంటున్నాం: భాషల గ్రూపును మళ్లీ మొదలుపెట్టడం, వారానికి కనీసం రెండు లీజర్ పీరియడ్లను సర్దుబాటుకు వాడకుండా టైమ్‌టేబుల్లోనే కాపాడమని బడులను ఒప్పించడం, ఆ కార్యాలయానికి నాలుగోసారి వెళ్లడం. మూడోదానికి నాతోపాటు వచ్చేవాళ్లు కావాలి. సమావేశంలో ఒక కాగితం తిప్పుతాం, రాగలిగితేనే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి