ఉర్దూలో ఎంబీబీఎస్ చెప్పిన ఊరు మనది

సంపాదకులకు నమస్కారం.

2022 అక్టోబరులో భోపాల్‌లో హిందీ ఎంబీబీఎస్ పుస్తకాలు విడుదల చేసినప్పటి నుంచీ, మాతృభాషలో వైద్యవిద్య అనేది దేశంలో ఇదే మొదలన్నట్టు మాట్లాడటం వింటున్నాను. మన హైదరాబాద్‌లో ఆ పని వందేళ్ల కిందటే జరిగిందండీ. ఈ సంగతి ఎవరూ ఎత్తరెందుకో.

1846లో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది. పాఠాలు ఉర్దూలో. తర్వాత ఎడ్వర్డ్ లారీ వచ్చి ఇంగ్లీషుకు మార్చాడు (మత్తుమందు క్లోరోఫాం మీద నిజాం ఖర్చుతో పరిశోధనలు చేయించిన లారీ దొర ఈయనే). 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చాక ఈ స్కూలు కాస్తా ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది, చదువు మళ్లీ ఉర్దూలోకి వెళ్లింది. అదేమీ ఉత్త జీవోతో అయిపోలేదు, అంతకుముందే దారుల్ తర్జుమా అని అనువాదాలకు ఒక సంస్థనే పెట్టి, పండితుల్ని కూర్చోబెట్టి, మాటకు మాట వెతికించి పుస్తకాలు రాయించారు. ఇంగ్లీషును పూర్తిగా వదిలేయలేదు కూడా, యూనివర్సిటీలో అదొక తప్పనిసరి సబ్జెక్టు. 1948 తర్వాత మాత్రం ఇంగ్లీషే మిగిలింది.

నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. శరీర నిర్మాణం గురించి చెప్పే అనాటమీని ఉర్దూలో తశ్రీహ్ అంటే పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి రెండూ ఒకటే, రెండూ తెలియని మాటలే. దాన్ని మాతృభాషలో చదువు అంటే నేనొప్పుకోను, అది రాజభాషలో చదువు. కానీ కూర్చుని చేస్తే పని అవుతుందని మాత్రం తేలిపోయింది కదా.

1986లో మెడికల్ కాలేజీలన్నీ విజయవాడ హెల్త్ యూనివర్సిటీ కిందికి వెళ్లాయి. తెలంగాణ వచ్చాక ఇక్కడివి వరంగల్‌లో కాళోజీ పేరు పెట్టిన యూనివర్సిటీ కిందికి వచ్చాయి. జనం భాష కోసం జీవితమంతా కొట్లాడిన మనిషి పేరు డాక్టర్ పట్టా మీద ఉంటుంది, కానీ ఆ చదువులో తెలుగు ఎంతని వెతికితే, 2019 నుంచి మొదటి ఏడాది ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష అని కొన్ని గంటలు కనిపిస్తాయి.

పుస్తకాలన్నీ రేపే తెలుగులోకి తేవాలని నేననడం లేదు. ఆ కొన్ని గంటలైనా గట్టిగా చెప్పించి, పరీక్ష పెట్టండి. మొన్న మా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, తెలుగమ్మాయే, "పెయిన్ లెఫ్ట్ హ్యాండ్‌కి రేడియేట్ అవుతోందా" అని అడిగింది. అమ్మ నా మొహం చూసింది. "నొప్పి చేతిలోకి పాకుతోందా అమ్మా" అన్నాను. "పాకుడేంది బిడ్డా, జబ్బ దాకా గుంజుతాంది" అంది వెంటనే. అప్పటిదాకా గ్యాస్ అనుకుని మాత్ర రాయబోతున్న ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసి ఈసీజీకి రాసింది.

— ఓ పాఠకుడు, హైదరాబాద్