తాళం తిప్పబోతుంటే చెయ్యి పట్టుకున్న పెద్దాయనకు

ఐదు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. కళ్లు మండుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఈ థాంక్స్ ఇవాళ రాయకపోతే రేపు పనుల్లో పడి వాయిదా వేస్తానని తెలుసు, అందుకే రాస్తున్నాను.

శనివారం రాత్రి కుండపోత వాన. వంతెన కింద ట్రాఫిక్‌లో కారు ఆపుకుని ఉన్నాను. పక్కనుంచి ఓ లారీ వెళ్లింది. అది తోసిన నీళ్లు బానెట్ మీదికి ఎక్కాయి. ఇంజన్ ఒక్కసారి దగ్గినట్టయి ఆగిపోయింది. చూస్తే నీళ్లు హెడ్‌లైట్ల దాకా ఉన్నాయి. ఎవరైనా ఏం చేస్తారు, మళ్లీ స్టార్ట్ చేస్తారు కదా. నేనూ తాళం మీద చెయ్యి వేశాను. ఇంతలో అద్దం మీద దబదబా బాదిన చప్పుడు. దించేసరికి నిలువునా తడిసిపోయిన ఒక పెద్దాయన లోపలికి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకున్నారు. "తిప్పకమ్మా! ఇంజన్‌లోకి నీళ్లెళ్తే తిప్పగానే రాడ్లు వంగిపోతాయి."

నిజం చెప్పాలంటే తిట్టబోయాను. దొంగేమో అనుకున్నాను.

ఆయన రిటైరైన మెకానిక్ అట. బస్సు దొరక్క అక్కడ నిలబడ్డారు. మరో నలుగురిని పిలిచి, గేరు న్యూట్రల్‌లో పెట్టించి బండిని ఒడ్డుకు తోయించారు. బానెట్ తెరిచి ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూపించారు. ఫిల్టర్ పిండితే నీళ్లు కారేలా ఉంది. "గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకొచ్చి నీళ్లకు గుద్దుకుంటే వంగేది దాన్ని కింద పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డే. బండి నిలబడి ఉండగా ఆగింది కాబట్టి బతికే ఉండొచ్చు" అన్నారు. వెళ్లేముందు తన జేబురుమాలు తీసి, పిండి, గాలి పైపు మూతికి కట్టారు. రాత్రి లోపలికి చెత్త పడకూడదట. తన ముఖం తుడుచుకోవడానికి ఆయన దగ్గర అదొక్కటే ఉంది.

ఆదివారం కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. ఫొటోలు పంపమన్నారు. గంటలో జవాబు: "ఇంజన్ అసెంబ్లీ, గేర్‌బాక్స్ రెండూ మార్చాలి." ఒక్క బోల్టు విప్పలేదు, ఆయిల్ గేజ్ లాగి చూడలేదు. బీమా వాళ్లేమో "నీళ్లలో ఉండగా మళ్లీ స్టార్ట్ చేశారా" అని మూడుసార్లు అడిగారు. చేసి ఉంటే ఇంజన్ నష్టం నా నెత్తినేనట. సర్వేయర్ వచ్చేదాకా ఏదీ విప్పొద్దన్నారు. ఎప్పుడొస్తారంటే చెప్పరు. లోపల నీళ్లున్న సిలిండర్ ఒక్కో రోజూ తుప్పు పడుతుంటే ఎవరికీ పట్టదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఫోన్ కలుపుకోవడం గురించి పేజీలకు పేజీలున్నాయి, నీళ్లలో ఆగిపోతే ఏం చెయ్యాలో నాకైతే ఎక్కడా కనబడలేదు.

సోమవారం పొద్దున్నే ఆయన వచ్చారు. నేను పిలవలేదు. శనివారం రాత్రే నంబరు తీసుకుని, అడ్రస్ అడిగి, సామాన్ల సంచితో రెండు బస్సులు మారి వచ్చారు. ముందు నాతో వీడియో తీయించారు, బీమా వాళ్లకు విషయం రాసి పంపించమన్నారు. ఆ తర్వాతే స్పానర్ పట్టారు.

ఆయిల్ ప్లగ్ విప్పగానే మొదట వచ్చింది ఆయిల్ కాదు, నీళ్లు. తర్వాత పాలు కలిపిన టీ రంగులో చిక్కగా ఏదో వచ్చింది. నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయట. కొంచెం గాజు సీసాలో పట్టి పక్కన పెట్టారు. గంట తర్వాత చూస్తే అడుగున వేలెడు నీళ్లు, పైన బురద రంగు ఆయిల్, మధ్యలో గీత.

నాలుగు స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఏది ఏ సిలిండర్‌దో కలవకుండా పాత బట్ట మీద వరసగా పెట్టారు. రెండోది, మూడోది తడిగా ఉన్నాయి. తర్వాత ఇంజన్‌ను చేత్తో తిప్పడానికి దాని క్రాంక్ పుల్లీ (బయటికి కనిపించే చక్రం) బోల్టుకు పొడుగాటి రాచెట్ తగిలించి, దాని పిడి నా చేతికిచ్చారు. "మీరే తిప్పండమ్మా, మీ బండి కదా. మెల్లగా. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చెయ్యొద్దు." పావు చుట్టు తిప్పాను. రెండో రంధ్రంలోంచి ఫట్‌మని నీళ్లు ఎగిరి నా ముఖాన పడ్డాయి. ఇంకా తిప్పాను. రెండు పూర్తి చుట్లు, ఎక్కడా పట్టలేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకో తెలియదు. ఐదు రోజుల్లో ఈ బండి గురించి నన్ను మనిషిలా చూసి మాట్లాడినవాళ్లు ఈయనొక్కరే. ఆయన కంగారుపడలేదు, తల తిప్పుకుని ప్లగ్‌లు తుడుస్తూ కూర్చున్నారు.

తర్వాత సన్నటి ప్లాస్టిక్ పుల్లను ఒక్కో ప్లగ్ రంధ్రంలోంచి పిస్టన్ మీదికి దించి, పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు పుల్ల మీద గీత గీశారు. రాడ్ వంగితే పిస్టన్ అంత ఎత్తుకు రాదు, గీత తేడా వస్తుంది. నాలుగు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సిలిండర్లలో నాలుగేసి చుక్కల ఆయిల్ వేసి, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ పెట్టాక కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో చూశారు: 172, 168, 170, 171. నాలుగింటి మధ్య తేడా ఎక్కువుంటే భయమట. రెండోసారి కూడా ఆయిల్ మార్చాక స్టార్ట్ అయింది.

గేర్‌బాక్స్ దగ్గర మాత్రం ఆయన ముఖం మారింది. ఎర్రగా తేటగా ఉండాల్సిన ద్రవం గులాబీ రంగు పాలలా వచ్చింది. పైనున్న, గాలి ఆడే బ్రీదర్ గొట్టంలోంచి నీళ్లు దిగాయన్నారు. ఆటోమేటిక్ కాబట్టి లోపల క్లచ్ ప్లేట్లకు అతికించిన పొర నీళ్లకు ఊడుతుందట. ఒకసారి ఖాళీ చేస్తే పాతదంతా రాదు, ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది. అందుకని మూడుసార్లు నింపి తీశారు. "ఇంజన్‌కు నేను పూచీ. దీనికి ఇప్పుడే మాటివ్వను. 500 కిలోమీటర్లు తిరిగాక చూస్తా. బండి వణికినా, ఇంజన్ అరుస్తూ వేగం అందుకోకపోయినా ఆపేసి నాకు ఫోన్ చెయ్యండి" అన్నారు. బాగైపోయిందని చెప్పి చేతులు దులుపుకోవచ్చు కదా, అలా చెయ్యలేదు. డబ్బులిస్తే సామాన్ల ఖర్చు మాత్రం లెక్కపెట్టి తీసుకుని మిగతాది నా చేతిలో పెట్టేశారు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. రుమాలు ఉతికి ఇస్త్రీ చేసి డాష్‌బోర్డులో పెట్టాను. 500 తిరిగాక ఎలాగూ వస్తారు.

మా ఆయన ఆఫీసు మానేసి తోడున్నారు, తమ్ముడు ఆయిల్ డబ్బాలు మోశాడు, అత్తయ్య పిల్లల్ని చూసుకున్నారు. వాళ్లకు ఇక్కడ థాంక్స్ చెబితే నవ్వుతారు.

అయ్యో, బండి తోసిన ఆ నలుగురూ! ముఖాలు కూడా గుర్తులేవు, చీకటి. వాళ్లలో ఒకరి చెప్పు నీళ్లలో కొట్టుకుపోయింది.

టోయింగ్ అబ్బాయికి కూడా. ఆటోమేటిక్ బండిని ముందు చక్రాలు నేల మీద ఈడిస్తే గేర్‌బాక్స్ పాడవుతుందని, ఇంకో గంట ఆగి మరీ పూర్తిగా పైకెక్కించే బండి తెప్పించాడు.

సీసా ఇచ్చిన పక్కింటి ఆంటీ, అది ఇక మీకు పనికిరాదు, కొత్తది తెచ్చిస్తాను.