ఏ విశ్వనాథ?

తల్లిదండ్రులకు నమస్కారం.

క్విజ్ మార్కుల మీద గ్రూపులో అర్ధరాత్రి దాకా నడిచిన చర్చ మొత్తం చదివాను. కొన్ని మెసేజీలు రెండుసార్లు చదివాను. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. హాకీ ధ్యాన్‌చంద్ పుట్టినరోజూ అదే, అందుకే జాతీయ క్రీడా దినోత్సవం కూడా. రెండూ కలిసొచ్చాయని మా తెలుగు టీచరూ, పీఈటీ సారూ ఒకే పేపరు తయారుచేశారు. ఏడో ప్రశ్న: 'విశ్వనాథ్ గురించి రెండు వాక్యాలు రాయండి.' ఏ విశ్వనాథో చెప్పలేదు, తప్పు మాదే. దిద్దిన సారుకు క్రికెటర్ గుండప్ప విశ్వనాథ్ తప్ప ఇంకొకరు తట్టలేదు. 'వేయిపడగలు రాశారు' అన్నవాళ్లకు సున్నా పడింది. ఎవరి గురించి రాసినా ఇప్పుడు రెండు మార్కులూ వేయించాను.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె 'ఏ విశ్వనాథ సార్?' అని రాసి, కింద స్కేలుతో నిలువు గీత కొట్టింది. ఒక పక్క 1969 కాన్పూర్ టెస్టు, అరంగేట్రంలో సున్నా, రెండో ఇన్నింగ్స్‌లో 137. ఇంకో పక్క 'రామాయణ కల్పవృక్షం', తెలుగుకు మొదటి జ్ఞానపీఠం. స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. ఆగలేక ఇంటికీ పట్టుకెళ్లాను ఆ కాగితం.

ఇంతకీ, సత్యనారాయణ గారికి విశ్వనాథ ఇంటిపేరు. భద్రావతిలో పుట్టిన క్రికెటర్‌కు అది పెట్టిన పేరు. గుండప్ప అన్న పేరు పట్టుకుంటే ఇంకో దారి. మన బెంగళూరు బసవనగుడిలో డీవీజీ రోడ్డు మీద తిరిగే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు, ఆ చివరి 'జీ' కూడా గుండప్పేనని, 'మంకుతిమ్మన కగ్గ' రాసిన కన్నడ కవి అని? 'డీ' దేవనహళ్లి, మనం విమానం ఎక్కే వైపు. 'వీ' తండ్రి వెంకటరమణయ్య. రెండు పొడి అక్షరాల్లో ఊరూ నాన్నా ఉన్నారు! రాహుల్ అంటే ద్రావిడ్ ఒక్కడే అనుకునే మా క్రికెట్ టీము కోసం హిందీ రచయిత రాహుల్ సాంకృత్యాయన్ పుస్తకాల తెలుగు అనువాదాలు లైబ్రరీలో ముందు వరుసలో పెట్టించాను. ఆయన అసలు పేరు కేదార్‌నాథ్ పాండే. బౌద్ధ భిక్షువయ్యాక రాహుల్ అయ్యాడు.

మర్నాడు ఐదో తరగతికి వెళ్లి ఇంటిపేరు రాయమన్నాను. సగం మంది 'కె', 'పి' అని రాశారు. కె అంటే ఏంట్రా అంటే 'కె అంటే కె యే సార్' అన్నాడొకడు. ఇంకొకడు అపార్టుమెంటు పేరు, బ్లాకు నంబరు వేసిచ్చాడు. ఇంటికున్న పేరే కదా, వాడి తప్పేముంది?

సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి మీకెంత పొద్దుపోతుందో నాకు తెలుసు. అయినా రాత్రి పదకొండున్నరకు రెండు మార్కుల కోసం అంత ఓపిగ్గా రాసినవాళ్లు, అందులో ఐదు నిమిషాలు పిల్లల దగ్గర కూర్చోగలరనే నా నమ్మకం.

రెండో విడత ఫీజు 15లోగా కట్టండి. మెట్రో పనుల వల్ల మూడో నంబరు బస్సు పది నిమిషాలు ముందే వస్తుంది. డబ్బాల్లో చిప్స్ వద్దని మళ్లీ చెబుతున్నాను.

సోమవారానికి పిల్లలంతా అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, తమ ఇంటిపేరు, అది ఎక్కణ్నుంచి వచ్చిందో కనుక్కుని అరపేజీ రాసుకురావాలి. పిల్లల చేతిరాతతోనే. మీ చేతిరాత పోయిన నెల ప్రాజెక్టుల్లో చూశాం, చాలా బాగుంది.

ఇట్లు
ప్రధానోపాధ్యాయుడు