గన్నీ సంచుల లెక్క ఆటతో నేర్పాలి

సంపాదకునికి,

నల్లగొండ జిల్లాలో వడ్ల కొనుగోలు కేంద్రాల సిబ్బందికి ఉపన్యాసాలు తగ్గించి ఆట ఆడించాలి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 1960ల నాటి సరఫరా ఆట గన్నీ సంచులకు సరిగ్గా సరిపోతుంది. కేంద్రం, మండల గోదాం, జిల్లా గోదాం, సరఫరాదారుగా నలుగురిని వరుసగా కూర్చోబెట్టాలి. ఒక్కొక్కరి ముందు 12 చింతగింజలు, గింజకో సంచుల కట్ట. మాటల్లేవు, ఎన్ని కట్టలు కావాలో రౌండుకో చీటీ రాసి తర్వాతి వాడికివ్వడమే. పంపిన గింజ రెండు రౌండ్లకు గానీ చేరదు. మొదటి 4 రౌండ్లు కేంద్రానికి నాలుగేసి కట్టలు కావాలనండి, ఐదో రౌండు నుంచి ఎనిమిదేసి. గిరాకీ పెరిగేది ఒక్కసారే. అయినా దారిలో ఉన్న గింజలు మరిచి చీటీల మీద చీటీలు రాస్తారు. ముందు కొరత, ఆ వెనకే గుట్టలు! పక్కవాడి తప్పనుకున్నది ఆలస్యం వల్ల వచ్చిందని అక్కడే తెలుస్తుంది. ఆట తర్వాత అరగంట చర్చ ఎగ్గొడితే అది కాలక్షేపమే. పై అధికారిని మాత్రం బల్ల దగ్గర నిలబెట్టొద్దు, భయంతో ఎవరూ తోచినట్టు రాయరు.

– శిక్షకుల బృందం, మిర్యాలగూడ