కార్బన్ లెక్క సరే, కొండ లెక్కో?

సంపాదకుడు గారికి,

యూరప్ కార్బన్ పన్ను వల్ల మన ఎగుమతిదారులకు నష్టమని బిజినెస్ పేజీల్లో ఒకటే గోల. మా రాయగడ నుంచి చూస్తే అసలు టెన్షన్ వేరే ఉంది.

2026 జనవరి నుంచి యూరప్‌కు వెళ్లే అల్యూమినియం తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో లెక్కగట్టి డబ్బు కట్టాలి. మంచిదే. కానీ ప్రస్తుతానికి స్మెల్టర్లో, అంటే అల్యూమినియం తీసే ఫ్యాక్టరీలో, నేరుగా వచ్చేదే లెక్క, దానికి కరెంటు ఇవ్వడానికి కాల్చే బొగ్గు లెక్కలోకి రాదు, ఇక ముడిఖనిజం బాక్సైట్ కోసం తవ్విన కొండ, దాన్నుంచి అల్యూమినా పొడి తీశాక మిగిలే ఎర్ర బురద ఎవరి ఖాతాలో వేస్తారండీ?

మా నియమగిరి కొండల్లో వేదాంత కంపెనీ బాక్సైట్ తవ్వకం తలపెట్టిన విషయంలో 2007లో నార్వే పెన్షన్ ఫండ్, 2010లో ఇంగ్లండ్ చర్చి వేదాంత షేర్లు వదిలించుకున్నాయి. అదీ గ్లోబలైజేషనే, కాదనను. అయినా కొండను చివరికి కాపాడింది 2006 అటవీ హక్కుల చట్టం, దాన్ని పట్టుకుని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంటే రాయగడ, కలహండి జిల్లాల్లో 12కి 12 వద్దన్నాయి.

అలాంటి సమ్మతి సంగతి కేంద్రం అనుమతి ఇచ్చేముందే తేలాల్సింది పోయి, తర్వాత రాష్ట్రం చూసుకుంటుందిలే అన్నట్టు 2022 అటవీ నిబంధనలు తయారయ్యాయి. బయటివాళ్ల రూలుకైతే ఫైళ్లు పరుగెడతాయి, సొంత చట్టం దగ్గరే మన ప్రభుత్వాలకు బద్ధకం.

ఇకమీదట మా గ్రామసభల వార్తలు కూడా, జిల్లా ఎడిషన్‌లో ఓ మూల కాకుండా, ఆ బిజినెస్ పేజీలోనే వేయండి.

ఒక పాఠకుడు,
రాయగడ, ఒడిశా